థీమోద్ద్యోతం: ఒక పంక్తి కోడుకు టీకా తాత్పర్యం

అవతారిక

కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానానికి దిగే ముందు ఒక మాట ఇచ్చుకున్నాడు: మూలంలో ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. ఆయన ఊరు మెదక్ జిల్లా కొల్చారం. అక్కణ్ణించి పొద్దున బయల్దేరితే మధ్యాహ్న భోజనంలోపు చేరగలిగిన మాదాపూర్ అద్దాల మేడల్లో ఇవాళ వ్యాఖ్యానశాస్త్రం మళ్లీ వర్ధిల్లుతోంది. ఆ వ్యాఖ్యలను కోడ్ రివ్యూ కామెంట్లంటారు. మల్లినాథుడు వద్దనుకున్న రెండూ వాటికి ప్రాణం.

నా పుల్ రిక్వెస్టుల కింద పేరుకుపోయిన ఆ వాఙ్మయంలో మూడు వాక్యాలు మాటిమాటికీ వస్తాయి. "దీన్ని హార్డ్‌కోడ్ చేశారేం? థీమ్ నుంచి తీసుకోండి." "ఈ 13 ఎక్కడిది? మన స్పేసింగ్ స్కేల్లో లేదు." "థీమే సింగిల్ సోర్స్ ఆఫ్ ట్రూత్ అని మరవకండి." మూడోది రాసేటప్పుడు సమీక్షకుడు మడి కట్టుకొని కూర్చుంటాడని నా అనుమానం. సత్యం గురించి ఉపనిషత్తులు కూడా ఇంత ధీమాగా మాట్లాడలేదు. ఇది కాదు, ఇదీ కాదు అంటూ జాగ్రత్తపడ్డాయి.

సరే, వ్యాఖ్యాతకే గౌరవం ఉన్న కాలంలో నేను మాత్రం మూలం రాస్తూ ఎందుకు కూర్చోవాలి? పతంజలి మహాభాష్యానికి కైయటుడు ప్రదీపం రాశాడు. ఆ ప్రదీపానికి నాగేశభట్టు ఉద్ద్యోతం రాశాడు. దీపం సరిగ్గా కనబడ్డం లేదని ఇంకో దీపం పట్టాడన్నమాట. ఆ పెద్దల అడుగుల్లో నా ఈ వ్యాఖ్యకు థీమోద్ద్యోతమని పేరు.

మూలం

బాక్స్ ఎస్ఎక్స్ = { పి: 2, ఎమ్‌టి: 1, విడ్త్: 1, బోర్డర్‌రేడియస్: 2, బీజీకలర్: 'ప్రైమరీ.మెయిన్' }

ప్రతిపదార్థం

బాక్స్ = పెట్టె; ఎస్ఎక్స్ = సుప్రసిద్ధము గాన వివరింపము; పి: 2 = లోపల నలుదిక్కుల 16 పిక్సెళ్ల యెడము గలదియు; ఎమ్‌టి: 1 = వెలుపల పైభాగమున 8 పిక్సెళ్ల యెడము గలదియు (క్రింద వ్రేలాడు వత్తుల సంగతి ముందు రాగలదు); విడ్త్: 1 = తన్ను గన్న పెట్టెతో నూటికి నూఱుపాళ్లు సరితూగు వెడల్పు గలదియు; బోర్డర్‌రేడియస్: 2 = 8 పిక్సెళ్ల మేర గుండ్రనైన మూలలు గలదియు; బీజీకలర్: 'ప్రైమరీ.మెయిన్' = నీలవర్ణమగు నేల గలదియు నగు పెట్టె యని యన్వయము.

వ్యాఖ్య

ఈ పంక్తి మెటీరియల్ యూఐ అనే వెబ్ డిజైన్ లైబ్రరీ సంప్రదాయానిది. 2021 సెప్టెంబరులో వెలువడిన అయిదో వెర్షన్ నుంచి ఎస్ఎక్స్ అక్కడ కొలువు తీరింది. రంగులు, ఎడాలు, అక్షరాల కొలతలు థీమ్ అనే ఉమ్మడి ఖజానాలో ఒక్కసారి రాసిపెట్టుకుంటారు. ఏ పెట్టెకు ఏది కావాలంటే అది, ఆ పెట్టె రాసిన చోటనే, పేరుతోనో అంకెతోనో పిలుచుకుంటారు. ఖజానాలో నీలం మారిస్తే సైటంతా మారుతుంది. పద్ధతి మంచిదే. ఆ సంగతి ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత తీరిక ఉండదు.

శంక: 'పి: 2'లో 2 అంటే 16 అన్నారు. 'బోర్డర్‌రేడియస్: 2'లో అదే 2ను 8 అన్నారు. 'ఎమ్‌టి: 1'లో 8గా ఉన్న 1, పక్కకు జరిగి విడ్త్ పంచన చేరేసరికి నూరు శాతమైంది. ఇది యెట్లు పొసగును?

సమాధానం: ఎడాలకు ప్రమాణం 8 పిక్సెళ్లు గనుక అక్కడ ఎనిమిదో ఎక్కం చదవాలి. మూలలకు ప్రమాణం 4 గనుక అక్కడ నాలుగో ఎక్కం. వెడల్పులో సున్నా దాటి 1 వరకు ఉన్నవన్నీ భాగాలు, 1 దాటినవి పిక్సెళ్లు. అందుచేత 'విడ్త్: 1' అంటే ఉన్న చోటంతా నిండే పెట్టె, 'విడ్త్: 2' అంటే రెండు పిక్సెళ్ల గీత. ఒకటిని రెండు చేస్తే ఉన్నదంతా ఊడ్చుకుపోయే లెక్క భాస్కరాచార్యుడి లీలావతిలో కూడా లేదు. 'బోర్డర్: 2' అంటే రెండు పిక్సెళ్ల అంచు. 'బాక్స్‌షాడో: 2' అసలు కొలతే కాదు, 0 నుంచి 24 దాకా బారులు తీరిన నీడల్లో ఒకదాని నంబరు. ఇక 'టాప్: 2' అంటే నిజంగానే రెండు పిక్సెళ్లు. ఆ ఒక్క చోట ఎవరూ నమ్మరు.

దీన్ని దోషమని తొందరపడి అనకూడదు. అమరసింహుడు నానార్థవర్గమని ప్రత్యేకంగా ఒక వర్గమే పెట్టాడు. హరి శబ్దం చూడండి: విష్ణువు, ఇంద్రుడు, సూర్యుడు, సింహం, గుర్రం, చిలుక, కోతి, చివరికి కప్ప. ఎవరిని పిలిచామో తెలిసేదెలా? భర్తృహరి వాక్యపదీయంలో దారులు చెప్పాడు: సంయోగం, విప్రయోగం, సాహచర్యం, విరోధం, ప్రయోజనం, ప్రకరణం, ఇంకా కొన్ని. తర్వాతి ఆలంకారికులు వాటికి ఉదాహరణలు కట్టారు. శంఖచక్రాలున్న హరి అంటే విష్ణువే, కప్ప కాదు. అది సంయోగం. శంఖచక్రాలు లేని హరి అన్నా విష్ణువే. ఎందుకంటే ఉండదగినవాడికే లేకపోవడం చెల్లుతుంది. కప్పకు శంఖం లేదని ఎవరూ పనిగట్టుకొని చెప్పరు. ఇది విప్రయోగం. ఈ రెండో ఉదాహరణ కోసమే నేను అలంకారశాస్త్రం చదివానని చెప్పినా తప్పులేదు.

ఈ న్యాయం చొప్పున పక్కనున్న ప్రాపర్టీ సాహచర్యం వల్ల 2కు అర్థం తేలుతుంది, సిద్ధాంతం నిలబడుతుంది. కాని భర్తృహరికి ఒక సౌకర్యం ఉంది: ఆయన శ్రోతకు సంస్కృతం వచ్చు. నిన్న చేరిన ఫ్రెషరుకు ఏది శంఖమో ఏది కప్పో చెప్పే కాగితం మా ఆఫీసులో లేదు. ఆ అమ్మాయి 'టాప్: 2' రాసి, 16 పిక్సెళ్లు దిగాల్సిన బ్యాడ్జి రెండే దిగిందేమని పూటంతా తల పట్టుకుంది. సాయంత్రానికి కింద కామెంటు పడింది: "థీమ్ అర్థం చేసుకోండి."

పాఠాంతరం: చక్రా యూఐ శాఖలో 'పి: 2' అంటే 8 పిక్సెళ్లు. టెయిల్‌విండ్ శాఖలోనూ 'పి-2' 8 పిక్సెళ్లే. మన శాఖలో 16. ఉద్యోగం మారినవాడి పెట్టెలు మొదటివారం ఉబ్బిపోయో ఎండిపోయో ఉండడానికి ఇదే కారణం. అన్ని శాఖలవారూ తమది భాష అనే అంటారు. డిజైన్ లాంగ్వేజ్.

విశేషం

ఈ పంక్తి చూపులకు ఇన్‌లైన్. పెట్టె పక్కనే రాశాం గనుక పెట్టెకు అంటుకునే ఉంటుందని పామరుల భ్రాంతి. నిజానికి లోపల ఎమోషన్ అనే లైబ్రరీ దీన్ని కరిగించి, 'సీఎస్ఎస్' అన్న మూడక్షరాలకు ఒక అడ్డగీత, పలకరాని ఆరేడు అక్షరాల తోక తగిలించి ఒక క్లాసు తయారు చేస్తుంది. వాచ్యార్థం ఇన్‌లైన్, వ్యంగ్యార్థం క్లాసు. కాబట్టి అసలు సిసలు ఇన్‌లైన్ స్టైల్ ఎదురైతే ఇది ఓడిపోతుంది. ఇక్కడ బలాబల విచారం తప్పదు. ఇదే నాకు ఇష్టమైన ఘట్టం, తొందరున్నవారు తాత్పర్యానికి వెళ్లవచ్చు.

ఒకే మాట మీద రెండు సూత్రాలు ఒకేసారి వచ్చి పడితే ఏది చెల్లుతుంది? పాణిని అష్టాధ్యాయి ఒకటో అధ్యాయం నాలుగో పాదం రెండో సూత్రంలో తేల్చేశాడు: సమబలం గల రెండూ తగవుపడితే వెనక చెప్పింది గెలుస్తుంది. హోకన్ వియుం లీ 1994 అక్టోబరు 10న సెర్న్‌లో ఉండగా, వెబ్ పేజీల వేషం చెప్పే సీఎస్ఎస్‌కు ప్రతిపాదన రాశాడు. 1996 డిసెంబరు 17న అది ప్రమాణమైంది. దాంట్లోనూ అన్ని బలాలూ సమానమైనప్పుడు వెనక రాసిందే గెలుస్తుంది. ఆయన పాణినిని చదివాడని నేననను. తగవులు తీర్చేవాళ్లందరికీ చివరికి ఒకటే విసుగు వస్తుందని మాత్రం అంటాను.

పాణినీయులు అక్కడితో ఆగలేదు. పరం (వెనకది) కన్నా నిత్యం, దానికన్నా అంతరంగం, దానికన్నా అపవాదం బలమైనవని మెట్లు కట్టారు. అంతరంగమంటే దేని నిమిత్తం లోపలే ఉందో అది. సీఎస్ఎస్‌లో ట్యాగు పేరు కన్నా క్లాసు, క్లాసు కన్నా ఐడీ, ఐడీ కన్నా ట్యాగు కడుపులోనే ఉన్న ఇన్‌లైన్ స్టైల్. అంతరంగానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాగేశభట్టుకు కూడా దొరికి ఉండదు. అన్నిటినీ తొక్కిపట్టే 'ఇంపార్టెంట్' ఒకటుంది. దాని ముందు ఆశ్చర్యార్థకం పెట్టి రాస్తారు, అది రాసినవాడి ఆశ్చర్యమో చదివినవాడి ఆశ్చర్యమో తెలియదు.

మీమాంసకులది ఎదురు వరస. జైమిని తన సూత్రాల్లో 3.3.14 దగ్గర శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అని ఆరు ప్రమాణాలు చెప్పి, వీటిలో ముందుదే గట్టిది, వెనకది బలహీనం అన్నాడు. అర్థానికి దూరమవుతున్న కొద్దీ బలం తగ్గుతుందని కారణం. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. ఇంద్రుణ్ణి స్తుతించే ఒక ఋక్కు. మాటలకున్న సామర్థ్యం బట్టి, అంటే లింగం బట్టి, అది ఇంద్రుడి పూజకే పనికి రావాలి. కాని దానితో గార్హపత్యాగ్నిని ఉపాసించమని శ్రుతి విప్పి చెప్పింది. శ్రుతి ముందు లింగం నిలవదు. అందుచేత యజమాని అగ్ని ఎదుట నిలబడి ఇంద్రుణ్ణి పొగుడుతాడు. ఇంద్రశబ్దానికి గౌణార్థం చెప్పుకొని అందులో అగ్నినే చూసుకోవాలని శాస్త్రం సర్దిచెబుతుంది.

ఆ గౌణార్థం మీద కుమారిలభట్టు దగ్గరికి వెళ్లాలని ఉంది. వెళితే తిరిగి రాను. ఇంతకీ మనం ఒక పెట్టె దగ్గర ఉన్నాం.

ఈ గార్హపత్యన్యాయం మా ప్రాజెక్టులో అక్షరాలా జరుగుతోంది. పండగ డిస్కౌంటు బ్యాడ్జికి ఎరుపు కావాల్సి వచ్చింది. మా థీమ్‌లో ఎరుపు ఒక్కచోటే ఉంది, దాని పేరు 'ఎర్రర్.మెయిన్'. సొంతంగా ఎరుపు రాస్తే హార్డ్‌కోడ్ దోషం. అందుకని దీపావళి ఆఫరు పెట్టెకు 'బీజీకలర్: ఎర్రర్.మెయిన్' అని రాశాం. సమీక్షలో ఆమోదం వచ్చింది, బొటనవేలి బొమ్మతో సహా. ఆర్నెల్ల తర్వాత, తప్పుల సందేశాలకు ఎరుపు మరీ భయపెడుతోందని డిజైనరు దాన్ని నారింజకు మార్చాడు. దీపావళి కూడా నారింజైపోయింది. రెండిటికీ మూలం ఒకటే కదా.

'పి' గురించి ఇంకో మాట. స్కేల్లో 13 లేదన్న సమీక్షకుడికి నేను లొంగిపోయాను. 13ను 8తో భాగిస్తే 1.625 వస్తుంది. 'పి: 1.625' అని రాశాను. థీమ్ దాన్ని బుద్ధిగా 8తో హెచ్చవేసి మళ్లీ 13 పిక్సెళ్లే తెర మీద పెట్టింది. ఎవరూ కిక్కురుమనలేదు. '13 పిక్సెళ్లు' అపచారం, '1.625' సదాచారం. వైయాకరణులు సూత్రంలో అర మాత్ర తగ్గితే కొడుకు పుట్టినంత సంబరపడతారని లోకంలో వాడుక. మా వాళ్లు దశాంశ స్థానాలు పెరిగినా అంతే సంబరపడతారు, థీమ్ గుండా వస్తే చాలు.

'ప్రైమరీ.మెయిన్' అనబోయి తొందరలో 'ప్రైమరీ.మియన్' అన్నారనుకుందాం. ఖజానాలో ఆ పేరు దొరకదు. దొరకనిదాన్ని ఎస్ఎక్స్ ఉన్నదున్నట్టు సీఎస్ఎస్‌కు పంపేస్తుంది; 'రెడ్' అనే మామూలు రంగుపేరు పనిచేసేదీ ఈ దారినే. మియన్ అనే రంగు బ్రౌజరుకు తెలియదు. తెలియనిదాన్ని చదవనట్టే దాటిపోవాలని సీఎస్ఎస్ నియమం. పెట్టె నేల లేకుండా నిలబడుతుంది, ఎక్కడా ఒక ఎర్రగీతైనా పడదు. సత్యానికి ఏకైక మూలమట, పేరు తప్పు పిలిస్తే పలకదు, పలకలేదనీ చెప్పదు.

బీజీకలర్‌ది పునర్జన్మ. 1990లలో హెచ్‌టీఎంఎల్ ట్యాగులోనే ఈ పేరుతోనే రంగు రాసేవారు. 1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0 దాన్నీ, ఫాంట్ ట్యాగునూ వదిలేయమంది: విషయం ఒకచోట, వేషం ఇంకోచోట ఉండాలని. మాకు పని నేర్పిన పెద్దలు ట్యాగులో స్టైల్ కనబడితే మైలపడ్డట్టు చూసేవారు. 2014లో క్రిస్టఫర్ షెడో అనే ఇంజనీరు రియాక్ట్ లైబ్రరీ తరఫున నిలబడి సీఎస్ఎస్‌ను జావాస్క్రిప్టులోనే రాద్దామని ప్రసంగించాడు. కొన్నేళ్లకు వేషం తిరిగి విషయం ఒళ్లోకి వచ్చి కూర్చుంది, పాత పేరుతోనే. మార్పు మీద నాకు కోపం లేదు. అప్పుడు ట్యాగులో రాయకూడదని, ఇప్పుడు ట్యాగులోనే రాయాలని చెప్పినవారి గొంతులో స్థాయి ఒక్క రవ్వయినా తగ్గకపోవడం మీదే కోపం.

వత్తుల సంగతి

ఇక్కడ టీక పక్కన పెడతాను. ఉమ్మడి విలువలంటున్నారు గదా, ఎవరి ఉమ్మడి?

మెటీరియల్ యూఐ థీమ్‌లో అక్షరాల వరస రొబోటో, హెల్వెటికా, ఏరియల్. రొబోటోలో తెలుగు లేదు. బ్రౌజరు దిక్కుతోచక ఆ పరికరంలో ఏది ఉంటే అది అరువు తెస్తుంది: విండోస్‌లో నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో సాన్స్ తెలుగు, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు. అరువు తెచ్చిన అక్షరాన్ని రొబోటోకు కుట్టిన చొక్కాలో దూరుస్తుంది. ఆ థీమ్‌లో పెద్ద శీర్షికకు వరస ఎత్తు అక్షరం సైజుకు 1.167 రెట్లు, నాలుగో శీర్షికకు 1.235. ఇంగ్లిషుకు అది పుష్కలం. ఆ లిపికి కింద వేలాడేది 'జి', 'వై' లాంటి నాలుగైదు తోకలే. మనకు పైన గుడి, కింద వత్తు, ఆ వత్తుకింద ఇంకో వత్తు. బటన్ల మీది మాటలన్నీ పెద్దక్షరాలు చేయమని కూడా ఆ థీమ్ ఆజ్ఞ. తెలుగులో అది వ్యర్థాజ్ఞ. హాని లేదు, నవ్వుకుంటాం. వరస ఎత్తు మాత్రం హాని చేస్తుంది.

ఒక ప్రభుత్వ పథకాల పేజీకి నాలుగో శీర్షిక పెట్టాం: "స్త్రీ శిశు సంక్షేమం". ఒకే వరసలో ఉండాలి గనుక 'నోర్యాప్' పెట్టాం. నోర్యాప్ అంటే వరస దాటిందాన్ని దాచేయడం, పక్కకు పోయినా కిందకు పోయినా. శిశువు క్షేమంగా ఉంది. స్త్రీకి త వత్తు తెగింది. సంక్షేమానికి కాళ్లు లేవు. ఫోన్లో ఆ పేజీ తెరిచే మనిషి అది చదువుకొని, ఏ బటన్ నొక్కాలో తెలుసుకొని, దరఖాస్తు పెట్టుకోవాలి.

పెట్టె పక్కన 'లైన్‌హైట్: 1.8' అని రాశాను. వత్తులన్నీ తిరిగి వచ్చాయి. కింద కామెంటు పడింది: "మ్యాజిక్ నంబర్. థీమ్‌లోది వాడండి." థీమ్‌లోదే గొడవని రాశాను. "అయితే థీమ్ మార్చాలి, అది డిజైన్ సిస్టమ్ టీమ్ పని, టికెట్ పెట్టండి" అన్నారు. పెట్టాను. మిగతా భాషల శీర్షికలు కుదురుగా ఉన్నాయి గనుక దీన్ని తక్కువ ప్రాధాన్యంలో వేశారు. అడిగినప్పుడల్లా కన్సిస్టెన్సీ అన్న మాట వినబడుతుంది. మూడు తెరల మీద మూడు రకాలుగా తెగిన 'స్త్రీ'ని చూశాను, అన్నీ థీమ్ ప్రకారమే తెగాయి. 13 వద్దని 1.625 ఒప్పుకున్నవాళ్లలో ఒక్కరూ ఆ పేజీని తెలుగులో తెరిచి చూడలేదు. నా మాట నమ్మక్కర్లేదు, సమీక్షలో వాళ్లు పెట్టిన స్క్రీన్‌షాట్లన్నీ ఇంగ్లిషువి.

తాత్పర్యం

ఉన్న చోటంతా వెడల్పు గల నీలం పెట్టె. పైన కాస్త ఖాళీ, లోపల ఇంకాస్త ఖాళీ, మూలలు గుండ్రం.

అందులో వచ్చేది తెలుగైతే మూలం చివర 'లైన్‌హైట్: 1.8' అని చేర్చుకొని చదవాలి. సమీక్షకులు దాన్ని ప్రక్షిప్తమని కొట్టేస్తారు. కొట్టేసినచోటే మళ్లీ రాయండి.